అస్ముస్ డాక్టరు బాగుచేసిన పడవ

మా థురో దీవిలో పడవ లేని మనిషి దొరుకుతాడు గానీ, పడవల గురించి ఉపన్యాసం ఇవ్వని మనిషి దొరకడు. అందరిలోకీ అస్ముస్ డాక్టరు ఉపన్యాసం పొడుగు. స్వెన్‌బోర్ పట్నంలో ముప్పై అయిదేళ్ళు జనం పళ్ళు పీకి, పుచ్చిన పళ్ళలో సిమెంటు నింపి, రిటైరైన మర్నాటి నుంచి ఆయన పడవల నిపుణుడైపోయాడు. ఆయన్ని సముద్రం మీద చూసినవాళ్ళు మాత్రం చాలా తక్కువ. చూసిన ఆ నలుగురూ కూడా, ఆయన పడవ అంచు మీదుగా తల వేలాడేసి కడుపులో ఉన్నదంతా కక్కుకుంటూ ఉండగానే చూశారు.

అలాంటివాడి చేతికి మా దీవి మొత్తంలోకీ ముచ్చటైన పడవ ఎలా వచ్చిందంటే, పెళ్ళి వల్ల వచ్చింది. పడవ ఆయన భార్య రగ్నాది.

రగ్నా తండ్రి క్రెస్టెన్ ఓడల కార్ఖానాలో వడ్రంగి. పగలంతా పరాయివాళ్ళ ఓడలకు పనిచేసి, మూడు చలికాలాల సాయంత్రాలు తన కోసం ఒక పడవ కట్టుకున్నాడు. ముందూ వెనకా రెండు కొసలూ మొనదేలి ఉండే మా తరహా తెరచాప పడవ అది. బయట లార్చి చెక్క పలకలు, లోపల ఓక్ చెక్క వంపులు. పలకల్ని లోపలి నుంచి పట్టి ఉంచే ఆ వంపులను మావాళ్ళు పక్కటెముకలనే అంటారు. 1938 వేసవిలో దాన్ని నీళ్ళలోకి దించి ‘తెర్న’ అని పేరు పెట్టాడు. తెర్న అంటే నిట్టనిలువుగా నీళ్ళలోకి దూకి చేపను ఎత్తుకుపోయే తెల్లపిట్ట. పదహారేళ్ళ రగ్నాను చుక్కాని దగ్గర కూర్చోబెట్టి, తను తెరచాప కొయ్యకు ఆనుకుని చుట్ట వెలిగించుకున్నాడు. ఆనాటి నుంచి పడవ నడపడమంటే రగ్నాకు తిండి కూడా అక్కర్లేదు.

చెక్క పడవ చలికాలమంతా గట్టు మీద ఎండుతుంది. పలకలు ముడుచుకుని, వాటి మధ్య సందులు తెరుచుకుంటాయి. వసంతంలో నీళ్ళలోకి దించగానే జల్లెడలా కారుతుంది. క్రెస్టెన్ ప్రతి ఏడూ దాన్ని లోతు తక్కువ చోట కట్టేసి, కూర్చునే బల్లల దాకా నీళ్ళు నిండనిచ్చి, ఇంటికెళ్ళి కాఫీ తాగేవాడు. రెండు రోజులు నానితే చెక్క ఉబ్బి, పలక పలకను ఒరుసుకుని, సందులు వాటంతటవే మూసుకుంటాయి. మూడో రోజు ఆ నీళ్ళు తోడేస్తే శరదృతువు దాకా ఒక్క చుక్క లోపలికి రాదు. రేవులో ప్రతి పడవా అలాగే నానేది. అందుకు సిగ్గుపడినవాడు మాలో ఎవడూ లేడు.

తండ్రి పోయాక రగ్నా ఒక్కతే పడవ నడిపింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం, సెలవు దొరికితే సముద్రం. ఎక్స్ఛేంజిలో ఆమె నోటికి స్వెన్‌బోర్ మేయరు కూడా జడిసేవాడని చెప్పుకునేవారు. మొగుడు ఒడ్డున ఉండి పళ్ళు పీకేవాడు, ఆమె దీవులన్నీ చుట్టి వచ్చేది. కాపురం చక్కగానే సాగింది. అస్ముస్ రిటైరు కాకుండా ఉంటే ఇంకా చక్కగా సాగేది.

1982లో రగ్నాకు అరవై నిండాయి. బల్ల మీద చిన్న జెండా, బెల్లం పాకం కారుతున్న కేకు, చుట్టూ పాతికమంది. అస్ముస్ లేచి గ్లాసు మీద కత్తితో టింగు టింగుమనిపించాడు.

“మిత్రులారా! నా రగ్నాకు నా కానుక. మామగారి తెర్నను నేను స్వయంగా, నా ఈ చేతులతో, కట్టిన నాటికంటే కొత్తగా చేసి ఇస్తాను. ఒకే ఒక్క చలికాలం!”

అందరూ చప్పట్లు కొట్టారు. రగ్నా కూడా కొట్టింది. ఆ చప్పట్లు కొట్టినందుకు తనను తాను తిట్టుకోవడానికి ఆమెకు తర్వాత పదకొండేళ్ళు సరిపోలేదు.

మొదటి చలికాలం రంగు గోకడంలో అయిపోయింది. గోకిన రంగు పొరల్ని సీసాల్లో వేసి, చీటీలు అంటించి, అసలు తెలుపు ఏ తెలుపో చెప్పమని మ్యూజియంకు ఉత్తరం రాశాడు. జవాబు రావడానికి ఒక ఏడాది పట్టింది. వచ్చిన జవాబు ఆయనకు నచ్చకపోవడానికి ఒక్క పూట పట్టింది. మళ్ళీ రాశాడు. ఈలోగా మరలు. పడవలో ఉన్న మరలన్నీ ఊడబీకి కొత్తవి బిగించాడు. ప్రతి మర తల మీదా గీత పడవ పొడుగునా చూడాలట. అడ్డంగా ఆగిన మరను విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పేవాడు. వెయ్యీ నాలుగు వందల మరలు. క్రెస్టెన్ బతికుండగా ఒక్క మర తల వంక కూడా చూసి ఉండడు, దాని మీద రంగు కొట్టి పనిలో పడి ఉంటాడు.

వార్నిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పన్నెండు పూతలు వేశాడు. పన్నెండోదానిలో ఒక దోమ పడి చచ్చిందని అన్నీ గోకేసి మళ్ళీ మొదటి నుంచి వేశాడు. తడికి వార్నిష్ ఆరడం లేదని షెడ్డులో కరెంటు పొయ్యి పెట్టించాడు. నవంబరు నుంచి మార్చి దాకా ఆ షెడ్డు బేకరీలా వెచ్చగా ఉండేది. ఇంట్లో మటుకు రగ్నా స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కునేది.

చూడ్డానికి జనం వచ్చేవారు. కోపెన్‌హేగెన్ నుంచి వచ్చేవారు, జర్మనీ నుంచి కూడా వచ్చారు. షెడ్డు గుమ్మంలో బూట్లు విప్పించి, మేజోళ్ళతో నిచ్చెన ఎక్కించి, పడవలోకి దించేవాడు. పెద్దపెద్దవాళ్ళు పిట్టగోడ ఎక్కిన దొంగల్లా వేళ్ళ మీద నడుస్తూ “ఆహా” “ఓహో” అనేవారు. రగ్నా కాఫీ తెచ్చేది.

“ఎప్పుడు నీళ్ళలోకి దించుతున్నారు?” అని ఎవరో ఒకరు అడక్క మానరు.

“దించరండీ,” అనేది రగ్నా, కప్పులు పెడుతూ. “తడుస్తుంది.”

అందరూ నవ్వేవారు. అస్ముస్ కూడా నవ్వేవాడు. భార్యకు హాస్యం ఎక్కువని వాళ్ళకు వివరించేవాడు కూడా. ఆమెకు ఒళ్ళు మండిపోతోందని ఆ మనిషికి ఒక్క నాడూ తట్టలేదు.

ఆ పదకొండు వేసవుల్లోనూ రగ్నా రేవు గట్టున నిలబడి ఇతరుల తెరచాపలు లెక్కపెట్టుకుంది. అడిగినవాళ్ళ పడవల్లో అతిథిగా కూర్చుంది. అతిథికి శాండ్‌విచ్ ఇస్తారు గానీ చుక్కాని ఇవ్వరు. ఆ కాలమంతా ఆమె చేతుల్లో కీళ్ళ జబ్బు ఊరుకోలేదు, దాని పని అది చేసుకుపోయింది. మొదట కుడి భుజం పట్టేసింది. తర్వాత వేళ్ళ కణుపులు వాచాయి. జాము సీసా మూత తిప్పలేకపోయింది. తర్వాత కోటు బొత్తాలు పెట్టుకోలేకపోయింది. 1993 ఫిబ్రవరిలో ఎముకల డాక్టరు ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా వంచి చూసి నిజం చెప్పేశాడు. ఈ వేసవికి ఏదో కాస్త పట్టు ఉంటుంది, వచ్చే వేసవికి ఉండదు, మందులు నొప్పిని తగ్గిస్తాయి గానీ పట్టును తిరిగి తేలేవు అన్నాడు.

మర్నాడు ఉదయం రగ్నా రొట్టె ముక్క పక్కకు నెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టింది.

“అస్ముస్, చూడు. పిడికిలి బిగిస్తున్నా.”

ఆయన పత్రిక దించి చూశాడు. వేళ్ళు సగం దాకా వంగి ఆగిపోయాయి.

“ఇంతే బిగిసింది,” అంది. “వచ్చే ఏడు ఇది కూడా ఉండదంట. మా నాన్న పడవని నేను ఇంకొక్కసారి నడపాలి. ఈ మే నెలలో. నీ మ్యూజియం వాళ్ళు తెలుపు ఏదో తేల్చినా, తేల్చకపోయినా.”

“అయ్యో నా తల్లీ,” అన్నాడు అస్ముస్. నిజంగానే బాధపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మే నెల. ఖాయం. మాటిస్తున్నా.”

మే మొదటి ఆదివారం మా పడవల క్లబ్బులో జెండా ఎత్తుతారు. ఆ రోజుతో వేసవి మొదలైనట్టు లెక్క. తెర్న వస్తోందని తెలిసి క్లబ్బు అధ్యక్షుడు ఐగిల్ పొంగిపోయాడు. ఈసారి జెండా పండగకు తెర్నే పెళ్ళికూతురన్నాడు. ఉపన్యాసం తనది, బ్యాండు మేళం పక్క ఊరిది.

అది విన్న దగ్గర నుంచి అస్ముస్‌కు ముద్ద మింగుడు పడలేదు. పదకొండేళ్ళు పొయ్యి పక్కన ఎండిన పడవ అది. సందులు ఎంత తెరుచుకున్నాయంటే, పడవ లోపల దీపం పెడితే పలకల మధ్య నుంచి వెలుగు గీతలు గీతలుగా బయటికొచ్చేది. నీళ్ళలోకి దించితే బుడుంగున మునుగుతుంది. మునగాలి కూడా. రెండు రోజులు నానాలి. కానీ బ్యాండు మేళం ముందు, జర్మనీ నుంచి వచ్చినవాళ్ళ ముందు, తన పన్నెండు పూతల వార్నిష్ మీదికి బురద నీళ్ళు వచ్చి చేరడం ఆయన ఊహించుకోలేకపోయాడు.

ఏప్రిల్‌లో రగ్నాను భుజానికి వైద్యమని ఓడెన్స ఆస్పత్రిలో ఎనిమిది రోజులు పెట్టుకున్నారు. తిరిగొచ్చేసరికి అస్ముస్ గుమ్మంలోనే ఎదురొచ్చి, కోటు విప్పనివ్వకుండా షెడ్డులోకి తీసుకెళ్ళాడు. చేతిలో టార్చి.

“ఒక్క సందు చూపించు,” అన్నాడు. “ఎక్కడైనా సరే. చూపించు చూద్దాం!”

రగ్నా పలకల మీద అరచెయ్యి పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచింది. స్నానాల గది టైల్స్‌లా నున్నగా ఉంది. ముక్కులు మండే ఘాటు వాసన. గోరుతో నొక్కింది, గోరు దిగలేదు.

“ఏం పెట్టావ్ ఇందులో?”

“రెండు డబ్బాలు కలిపే జిగురు. గంటలో రాయైపోతుంది. మొత్తం నేనే నింపాను, ఒక్కో సందూ, కింద నుంచి పైదాకా.” ఆయన మొహం వెలిగిపోతోంది. “ముప్పై అయిదేళ్ళ అనుభవం రగ్నా. ఎక్కడా గాలి బుడగ కూడా ఉండదు!”

రగ్నా పక్కనున్న పీపా మీద కూర్చుని, “విల్లాడ్స్‌ని పిలువు,” అంది.

విల్లాడ్స్ పద్నాలుగో ఏట క్రెస్టెన్ దగ్గర పనిలో చేరినవాడు. తెర్న పలకలు మోసింది, మేకులు అందించింది అతనే. ఇప్పుడు అరవై తొమ్మిది. దవడలో పొగాకు పెట్టుకుని వచ్చి, పడవ పొట్ట మీద వేలి కణుపుతో నాలుగుచోట్ల కొట్టి విన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

“డాక్టరు గారూ, ఎండిపోయిన చెక్కలో రాయి నింపారు మీరు.”

“రాయి కాదు విల్లాడ్స్, శాస్త్రం. ఈ జిగురుతో విమానాలు అతికిస్తారు.”

“విమానాల్ని నానబెడతారాండీ?”

అస్ముస్ టార్చిని మళ్ళీ పలకల మీదికి తిప్పాడు.

“దూది కూరి, పైన మెత్తటి లప్పం పెట్టండని మూడేళ్ళ నుంచీ మొత్తుకుంటన్నా,” అన్నాడు విల్లాడ్స్. “చెక్క ఉబ్బితే లప్పం బయటికి నెట్టుకొస్తది, గీకి పారేస్తాం, అయిపోద్ది. ఇప్పుడది ఎటు ఉబ్బుతది చెప్పండి? పుచ్చిన పన్ను అయితే మీరేం నింపినా పడుంటది. ఇది పన్ను కాదు కదా!”

“మీ పాతకాలం వాళ్ళకి కొత్తదంటే భయం,” అని అస్ముస్ టార్చి ఆర్పేసి, జర్మనీ వాళ్ళ బస సంగతి చూడాలంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ముప్పై అయిదేళ్ళు నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాళ్ళతో మాట్లాడిన మనిషి. ఎదురు మాట ఎలా వినాలో ఆయనకు అలవాటు తప్పింది.

రగ్నా, విల్లాడ్స్ రేవు గట్టు దాకా నడిచి, బోర్లించిన చేపల పెట్టెల మీద కూర్చున్నారు.

“తీసెయ్యాలంటే ఎంత కాలం పడుద్ది?” అంది రగ్నా.

“సన్న రంపంతో ఒక్కో సందూ కోసుకుంటా పోవాలి. పలక అంచు చెడిపోతే ఆ పలక మార్చాలి. నేనొక్కణ్ణీ చేస్తే వచ్చే వసంతానికి అవుద్ది. మీ ఆయన పక్కన నిలబడితే ఆ పై వసంతం.”

రగ్నా చేతుల వంక చూసుకుంది.

“ఉన్నదున్నట్టు నీళ్ళలోకి దించితే?”

విల్లాడ్స్ పొగాకును ఇంకో దవడకు మార్చుకున్నాడు. “నాలుగైదు రోజులు మహా బాగుంటది. ఒక్క చుక్క రాదు. మీ ఆయన ఫొటోలు దిగొచ్చు. ఆనక చెక్క నానడం మొదలవుద్ది. సందులో చోటుండదు కాబట్టి పలకలు పక్కటెముకల్ని తోస్తాయి. ఓక్ చెక్క ఎంత ఆపితే అంత ఆపి, ఫెళ్ళున విరుగుద్ది. ఒకటి విరిగాక మిగతావి వరస కడతాయి.”

“మునుగుద్దా?”

“ఒక్కసారిగా మునగదు. తీరం వదలకుండా ఉండి, నీళ్ళు తోడుకుంటా రావచ్చు. కానీ పడవగా దాని పని అయిపోయినట్టే రగ్నా. మీ నాన్న కట్టింది. తెలిసి తెలిసి చంపుతావా?”

రగ్నాకు కన్నీళ్ళొచ్చాయి. కోపంతో వచ్చాయో, తండ్రి గుర్తొచ్చి వచ్చాయో ఆమెకే తెలీలేదు. స్వెట్టరు చేతితో తుడుచుకుంది.

“షెడ్డులో పదకొండేళ్ళు ఏం చేసిందనుకున్నావ్, బతికిందా?” అంది. “నాకున్నది ఈ వేసవి ఒక్కటే. దానికుంది నాలుగు రోజులు. సరిపోయింది. నువ్వొస్తావా రావా? మోకు లాగడానికి నాకు చేతులు కావాలి.”

విల్లాడ్స్ ఇంకోసారి ఉమ్మేసి, వస్తానన్నట్టు తలూపాడు.

జెండా పండగ నాడు ఎండ కాసింది. బ్యాండు మేళం వాయించింది. తెర్న క్రేన్ బెల్టుల్లో వేలాడుతూ వచ్చింది. అందంగా ఉంది, కాదనడానికి లేదు. కట్టిన నాటికంటే అందంగా ఉంది. నీళ్ళను తాకగానే అస్ముస్ మేజోళ్ళతో లోపలికి దూకి, చెక్క నేల మీద బోర్లా పడుకుని, అడుగుభాగంలోకి టార్చి వేశాడు. నూట యాభైమంది ఊపిరి బిగబట్టి చూశారు. క్లబ్బులో ఏ చెక్క పడవకూ ఆ ఏడు ఇంకా నానడం పూర్తి కాలేదు. అటూ ఇటూ నాలుగు పడవలు బల్లల దాకా నీళ్ళు నింపుకుని ఉన్నాయి.

“పొడి!” అని అరిచాడు అస్ముస్. “ఎండిన ఎముకలా పొడిగా ఉంది!”

జనం చప్పట్లు కొట్టారు. ఐగిల్ ఉపన్యాసం అందుకున్నాడు. ఓపిక గురించి, వారసత్వం గురించి, వైద్యుడి చేతి నేర్పు గురించి మాట్లాడాడు. అస్ముస్ గట్టు మీదికొచ్చి, చేతులు కట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. ఐగిల్ వారసత్వం దగ్గర ఉండగా రగ్నా రబ్బరు బూట్లతో పడవలోకి దిగింది.

“బూట్లు!” అన్నాడు అస్ముస్. ఉపన్యాసం ఆగిపోయింది. “రగ్నా, బూట్లు!”

ఆమె వెళ్ళి చుక్కాని దగ్గర కూర్చుంది. విల్లాడ్స్ సంచీ ఒకటి లోపలికి విసిరి, తనూ దిగి, తెరచాప గుడ్డ కట్లు విప్పడం మొదలుపెట్టాడు.

“నువ్వూ రా అస్ముస్,” అంది రగ్నా. ఎగతాళిగా అనలేదు. ఆ క్షణాన ఆయన వస్తే బాగుండునని ఆమె నిజంగానే అనుకుంది. “గాలి నెమ్మదిగా ఉంది. నీకేం కాదు. రా, కూర్చో.”

ఆయన పడవ వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు, భార్య బూట్ల వంక చూశాడు.

“పైన వేసిన పూత ఇంకా గట్టిపడలేదు,” అన్నాడు. “మనిషి బరువు పడాలంటే ఇంకో రెండు వారాలు ఆగాలి. నెలాఖర్న వెళ్దాం. దిగి వచ్చెయ్.”

“విల్లాడ్స్, తాడు విప్పు.”

తెర్న కదిలింది. బ్యాండు మేళం వాళ్ళకు ఏం చెయ్యాలో తోచక ఇంకో పాట అందుకున్నారు. గట్టు మీద నుంచి అస్ముస్ చెప్పిన ఆఖరి మాట, పడవను దేనికీ ఒరుసుకోనివ్వొద్దని.

స్వెన్‌బోర్ కాలువ దాటి దీవుల మధ్యకు రాగానే పడమటి గాలి అందుకుంది. తెర్న పక్కకు ఒరిగి నీళ్ళను కోసుకుంటూ పోయింది. రగ్నా చుక్కాని కర్రను వేళ్ళతో పట్టుకోలేదు. అరచేతిని దాని మీద వేసి, మోచేత్తో నొక్కి నడిపింది. పదహారో ఏట తండ్రి నేర్పిన పద్ధతి వేరు, ఇది ఆ పూటకు తనే కనిపెట్టుకుంది. నడక మాత్రం పాతదే. పడవ కింద నీళ్ళు గుసగుసలాడటం తొడల్లోకి తెలిసింది. ఆమె గట్టిగా నవ్వింది, ఊరికే, మాటా పలుకూ లేకుండా.

“ఏంది?” అన్నాడు విల్లాడ్స్.

“ఏం లేదు. బతికే ఉన్నా.”

స్కారో దీవిలో పొగబెట్టిన చేప, నల్ల రొట్టె తిన్నారు. ద్రైయోలో వాన పడితే ఒక పూట ఆగారు. బిర్క్‌హోమ్‌లో ఊళ్ళో ఉన్న ఎనిమిదిమందీ రేవుకొచ్చి పడవ చూసి, రగ్నాకు ఒక గ్లాసు, విల్లాడ్స్‌కు రెండు గ్లాసులు పోశారు. రేవు రేవుకూ అస్ముస్ టెలిఫోన్ చేసి కబురు పెట్టాడు. తెలుపు మీద గీతలు పడ్డాయా, ఇత్తడి తుడుస్తున్నారా అని అడిగాడు. వార్నిష్ మీద చేప పొలుసులు అంటుకున్నాయని చెప్పమంది రగ్నా.

అయిదో రోజు మధ్యాహ్నం, కాఫీ పోసుకుంటూ ఉండగా, కాళ్ళ కింద ఫెళ్ళుమంది. కప్పు ఎగిరి పడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విల్లాడ్స్ నేల చెక్క ఒకటి ఎత్తి, చెయ్యి పెట్టి తడిమాడు.

“కొయ్య దగ్గర, ఎడం పక్క,” అన్నాడు. “వెనక్కి తిప్పుదామా?”

 ఆ వంపును ఆవిరిలో ఉడకబెట్టి, మోకాలితో నొక్కి వంచిన తండ్రి రగ్నా కళ్ళ ముందుకొచ్చాడు. నన్ను క్షమించు నాన్నా అని పైకే అంది. ఆ తర్వాత గాలి ఎటుందో చూసింది.

“గాలి బాగుంది,” అంది. “మార్స్తాల్ రేవు దాకా పోదాం.”

ఆరో రోజు నాలుగు విరిగాయి. ఏడో రోజు లెక్కపెట్టడం మానేశారు. అడుగున పలక ఒకటి వెన్నెముకలాంటి దూలం నుంచి విడిపోయి నీళ్ళు రావడం మొదలైంది. విల్లాడ్స్ గంటకోసారి పంపు కొట్టాడు, తర్వాత అరగంటకోసారి. ఎనిమిదో రోజు పొద్దున రగ్నా థురో వైపు తిప్పింది. విల్లాడ్స్ పంపు వదలకుండా కొడుతూనే ఉన్నాడు. అతను అలిసిపోయినప్పుడు రగ్నా చుక్కానిని తుంటితో నొక్కిపట్టి, రెండు చేతులతో పంపు కొట్టింది. వేళ్ళు పిడి మీద నిలవకపోతే మణికట్లతో కొట్టింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఆమెకు పశ్చాత్తాపం కలగలేదు. పదకొండేళ్ళలో తను మనిషిలా బతికింది ఈ ఎనిమిది రోజులేనని విల్లాడ్స్‌తో చెప్పింది. అతను పంపు కొడుతూనే విన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి రేవులోకి వచ్చారు. నీళ్ళు బల్లల అంచు దాకా ఉన్నాయి. అస్ముస్ గట్టు మీదే ఉన్నాడు. రోజూ అక్కడే నిలబడుతున్నాడని తర్వాత ఐగిల్ చెప్పాడు. తిట్లకు తిట్లు రగ్నా సిద్ధం చేసుకునే వచ్చింది, ఒక్కొక్కటీ నూరి పెట్టుకుంది. ఆయన బూట్లతోనే పడవలోకి దిగాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి, టార్చి వేసి, చేత్తో తడుముకుంటూ ముందు కొస దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.

“పంతొమ్మిది,” అన్నాడు. “పంతొమ్మిది పక్కటెముకలు. అడుగు పలకలు నాలుగూ మార్చాలి. ఆ పైవి రెండు కూడా.”

రగ్నా నోరు తెరిచింది. ఆయన తల ఎత్తేసరికి మూసుకుంది. ఆయన మొహంలో కోపం లేదు, దుఃఖం లేదు. కళ్ళు మెరుస్తున్నాయి. బుగ్గలకు రంగొచ్చింది. అరవయ్యో పుట్టినరోజున గ్లాసు మీద కత్తి టింగుమనిపించినప్పుడు కూడా ఆయన ఇంత ఆనందంగా లేడు.

“బాగుచెయ్యొచ్చు రగ్నా!” అన్నాడు. “మొత్తం విప్పేద్దాం. ఒక్కో పక్కటెముకనీ అచ్చు తీసుకుని కొత్తది వంచుతాను. ఓక్ చెక్క ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. అయిదారేళ్ళు. మహా అయితే ఏడు. ఇదిగో, ఇది చూడు, ఈ విరుపు ఎంత శుభ్రంగా వచ్చిందో చూడు. ఈ టార్చి కాస్త ఇటు పట్టుకో.”

ఆయన టార్చి ఆమె చేతిలో పెట్టాడు. రగ్నా వేళ్ళు దాని చుట్టూ ముడుచుకోలేదు. టార్చి జారి నీళ్ళలో పడింది.

అస్ముస్ గబగబా వంగి దాన్ని పైకి తీశాడు. చొక్కా అంచుతో తుడిచి, మీట రెండుసార్లు నొక్కి, వెలుగుతోందని చూసుకుని సంతోషించాడు. ఆమె చేతి వంక చూడలేదు. టార్చిని విల్లాడ్స్‌కు ఇచ్చి, సరిగ్గా పట్టుకోమని చెప్పి, మళ్ళీ నీళ్ళలోకి వంగాడు.